తొమ్మిదేళ్ళ మసి

పది తూటాలకి నాలుగు. ఆ అంకె వేయడానికి పొలం మేనేజరు బ్లెయిర్ కాస్త కూడా తటపటాయించలేదు. ఉన్నికొట్టం గోడకున్న తెల్లబోర్డు మీద ముందు కోడీ పేరు రాసి పక్కన తొమ్మిది వేశాడు, దాని కింద ఎఫీ పేరు రాసి పక్కన నాలుగు వేశాడు, పెన్ను మూత టక్కున బిగించి జేబులో పెట్టుకున్నాడు. టీ వేళ కావడంతో కొట్టంలో అందరూ ఉన్నారు. గొర్రెల దొడ్లు కడిగేవాళ్ళు, కంచె కట్టేవాళ్ళు, క్యారెట్ బండి నడిపే నోయెల్ హనరహన్, అందరూ చేతిలో మగ్గులతో బోర్డు వైపు చూసి, వెంటనే మగ్గుల్లోకి చూసుకున్నారు.

"ఏం అనుకోకు ఎఫీ," అన్నాడు బ్లెయిర్. "గాయపడ్డ కుందేలు బొరియలో దూరి చస్తే పాపం మనకే. పైగా మిగిలినవి ఒక నెల బయటికి రావు. యాభై గజాల దూరంలో కుందేలు తలకాయంత గుండ్రంలో పదింటికి ఏడు పడాలి. అందరికీ ఒకటే లెక్క."

"నేనేమన్నా అన్నానా?" అంది ఎఫీ.

"శుక్రవారం ఇంకోసారి కొట్టు. అప్పుడూ ఏడు రాకపోతే ఎండలోయ కోడీకి ఇస్తా. నువ్వు నోయెల్‌తో బండి మీదకి రా. జీతంలో తేడా ఏం ఉండదు."

జీతం సంగతి ఎవరడిగారు! ఎఫీ మక్‌రేకి అరవై రెండేళ్ళు. గ్లెన్‌హార్డీ గొర్రెల పొలంలో మేతంతా తినేసే కుందేళ్ళని కొట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. తెల్లారగట్ల మంచు కరకరలాడుతుంటే తుపాకి భుజానేసుకుని కొండ ఎక్కడం, గడ్డి దుబ్బుల వెనక పడుకుని పొద్దు కోసం చూడడం, ఆ తర్వాత రోజంతా తన మానాన తను ఉండడం, ఆమెకి తెలిసిన సుఖం అది. అందులోనూ ఎండలోయ. పొద్దున్నే ఎండ పడే లోయ అదొక్కటే, కుందేళ్ళూ అక్కడికే చేరతాయి. అది చేతికొచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు.

"ఎఫీ, తుపాకి అటువైపు తిప్పి పట్టుకున్నావేమో చూసుకోకపోయావా?" అన్నాడు కోడీ. ఇరవై ఆరేళ్ళవాడు, నోటికి తాళం లేదు గాని మనసులో ఏం పెట్టుకోడు. ఎవరూ నవ్వకపోయేసరికి వాడే సిగ్గుపడి స్కోన్ బన్ను ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

తుపాకిలో ఏదో ఉందేమో అనే మాట ఎఫీ నాలిక చివరిదాకా వచ్చింది, కానీ మింగేసింది. ఆడలేక మద్దెల ఓడు అంది అని రేపు ఊరంతా చెప్పుకోవడమెందుకు? తుపాకికి ఏమైందని? అదే టూ-టూ రకం తుపాకి, గురి చూసే అదే దూరదర్శిని, గొట్టం చివర అదే సైలెన్సర్. తొమ్మిదేళ్ళుగా కుందేళ్ళ చెవిన పడకుండా కొడుతున్న సరంజామా అది. కొత్తలో చప్పట్లు కొట్టినట్టు చప్పుడు చేసేది, రానురాను పుస్తకం మూసినంత మెత్తబడింది. అందుకే ఆమె దాని లోపల ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఇంట్లో మటన్ వండే ఇనపకుండ ఉంది, దాన్ని ఈనాటికీ సబ్బు ముట్టనివ్వలేదు. దోసెల పెనాన్ని పీచు పెట్టి తోమితే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? పాకానికొచ్చిన వస్తువుని కెలక్కూడదు. ఎఫీ లెక్క అది. అక్కడి కుందేళ్ళవాళ్ళలో చాలామంది లెక్కా అదే.

టీ అయిపోయింది. నోయెల్ తన మగ్గు కడిగి, ఆమె మగ్గు కూడా తీసుకుని కడిగి బోర్లించాడు. ఆ జాలే ఆమెకి కోడీ పరాచికం కంటే ఎక్కువ గుచ్చుకుంది.

*

మంగళవారం పొద్దున ఎఫీ అలెగ్జాండ్రా పట్నం వెళ్ళింది. కళ్ళ డాక్టరమ్మ చీకటి గదిలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించింది. ఎఫీ కిందివరస దాకా తడుముకోకుండా చదివేసి, ఆ కింద అచ్చు వేసినవాళ్ళ పేరు కూడా చదివింది.

"దూరపు చూపు నాకంటే మీకే బాగుంది," అంది డాక్టరమ్మ. "దగ్గరికి మాత్రం అద్దాలు రాసిస్తాను. సూదిలో దారం ఎక్కించడానికి."

"సూది లేదు, దారం లేదు. దూరానికేం లేదా? సరిగ్గా చూశారా?"

"ఏం లేదండీ. సంతోషించండి."

సంతోషించడానికేముంది? కళ్ళయితే అద్దాలున్నాయి. కళ్ళు కాకపోతే చేతులన్నమాట. చేతులకి ఏ అంగడిలో ఏం దొరుకుతుంది? బండిలో కూర్చుని రెండు చేతులూ స్టీరింగు మీద చాచి చాలాసేపు చూసుకుంది. వణుకుతున్నట్టే ఉంది. చూసేకొద్దీ ఇంకా వణుకుతున్నట్టు ఉంది.

పొలం పని ఒకటి మిగిలింది. గొర్రెల బొచ్చు తీసే కత్తెర మిషన్లు ఆరు పెట్టెలో పెట్టి ఇచ్చారు, రావిరి తిపోకి అనే అతని దగ్గర సానపట్టించి తీసుకురమ్మని. చుట్టుపక్కల అరవై మైళ్ళలో బొచ్చు తీసేవాళ్ళెవరైనా తమ మిషన్ ఇచ్చేది రావిరికే. ఊరి చివర రేకుల షెడ్డు, లోపల ఒక లేతు, ఒక సానరాయి, గోడ నిండా పనిముట్లు, బల్ల మీద ఎప్పుడూ సగం తాగి చల్లారిన కాఫీ. మనిషి గుమ్మడికాయలా గుండ్రంగా ఉంటాడు, ముక్కు మీద అద్దాలు, నుదుటి మీద ఇంకో జత అద్దాలు.

"నీ మొహమేంటి అలా ఉంది? ఎవరన్నా పోయారా?" అన్నాడు పెట్టె అందుకుంటూ.

"నేనే పోయేలా ఉన్నా." ఎఫీ చెప్పేసింది. బోర్డు, నాలుగు, శుక్రవారం, కళ్ళు బాగున్నాయనడం, అన్నీ. రావిరి ఎవరికీ చెప్పడు, చెప్పినా సానరాయి రొదలో ఎవరికీ వినపడదు. డాక్టరమ్మ కాగితం చూపిద్దామని ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టి లాగితే, కాగితంతోపాటు సైలెన్సర్ గొట్టం కూడా వచ్చి బల్ల మీద దొర్లింది. తుపాకి నుంచి ఊడదీసి ఎప్పుడూ ఆ జేబులోనే వేసుకుంటుంది.

రావిరి దాన్ని చేత్తో ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఇందులో సీసం పోసి తెచ్చావా ఏంటి?"

"ఎప్పుడూ అంతే ఉంటుంది."

"ఇంత బరువెక్కడానికి ఇదేమన్నా నేనా?" అని సొరుగు లాగి, తన కుందేళ్ళ తుపాకిది తీశాడు. అదే కంపెనీ, అదే కొలత. రెంటినీ పక్కనున్న కాటా మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. అతనిది నూట పద్దెనిమిది గ్రాములు. ఎఫీది రెండు వందల మూడు.

ఎఫీ కాటాని చూసింది, రావిరిని చూసింది.

"ఎన్నాళ్ళకోసారి విప్పి శుభ్రం చేస్తావు?"

"విప్పడమేంటి? అది విప్పేది కాదు. విప్పితే ఆ మెత్తదనం పోతుంది. ఇనపకుండ లాగన్నమాట."

రావిరి ముక్కు మీద అద్దాలు తీశాడు. నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. "ఓసి నా తల్లీ! తొమ్మిదేళ్ళు కూర వండి కుండ కడగలేదా? టూ-టూ తూటాకి పైన రాగి తొడుగు ఉండదు, ఒట్టి సీసం. పేలినప్పుడల్లా కాస్త సీసం, కాస్త మసి దీని లోపల అంటుకుపోతాయి. అందుకే ఇటువైపు మూత పెట్టి మరలు తిప్పారు. చూడు, గీత కనిపిస్తోందా? మధ్యమధ్యలో విప్పి గోకాలని."

"మరి నా గురి..."

"దాని సంగతి లోపల చూస్తే గాని చెప్పలేను." మూతని గుడ్డతో పట్టి బలంగా తిప్పాడు. మెడ నరాలు పొంగాయి గాని మూత వెంట్రుకవాసి కదల్లేదు. ఎఫీ చుట్టూ చూసి గోడకున్న పెద్ద పైపు రెంచి తీసి అందించింది.

"ఇది పెట్టు. నిమిషంలో ఊడుద్ది."

"ఊడేది మూత కాదు, నీ గొట్టం. పల్చటి అల్యూమినియం, ఇది కొరికితే నూనె డబ్బాలా సొట్టపోతుంది. ఒకసారి సొట్టపోయిందా, లోపలివి జన్మలో బయటికి రావు." రెంచి లాక్కుని మళ్ళీ గోడకి తగిలించాడు. ఖాళీ జాం సీసాలో తుప్పు వదిలించే నూనె పోసి, గొట్టాన్ని మూత కిందికి ఉండేలా అందులో నిలబెట్టాడు. "గురువారం మధ్యాహ్నం రా."

"శుక్రవారం పొద్దున్నే నా పరీక్ష, రావిరీ!"

"తెలుసు. రేపు తిప్పితే పగులుద్ది, ఎల్లుండి తిప్పితే తిరుగుద్ది. నూనెని తొందరపెట్టడం నాకు రాదు. ఆ చేతులు జేబులో పెట్టుకో, వాటినలా చూడకు. నీ చేతులకేం రాలేదు."

*

సైలెన్సర్ లేకుండా లోయలోకి వెళ్తే ఒక్క పేలుడుకే కుందేళ్ళన్నీ బొరియల్లోకి దూరతాయి. అందుకని బుధవారం ఎఫీ క్యారెట్ బండి ఎక్కింది. ఎలాగూ అక్కడికే పంపుతారు కదా, రుచి చూద్దాం అనుకుంది.

పని కష్టమేం కాదు. ట్రాక్టరు వెనక తొట్టి, తొట్టి నిండా తరిగిన క్యారెట్ ముక్కలు. మొదటి రెండు వారాలు మందు లేకుండా ఉత్త ముక్కలే చల్లి కుందేళ్ళకి అలవాటు చేస్తారు, ఆ తర్వాత చంపే మందు కలిపినవి. నోయెల్ ట్రాక్టరు నెమ్మదిగా పోనిస్తుంటే ఎఫీ వెనక నిలబడి పారతో చాలులో పోస్తూ పోయింది. గంటకి నడుం పట్టేసింది. తీపి వాసన ముక్కుకి పట్టేసింది. రెండు గంటలకి మెదడు కూడా పట్టేసింది.

మధ్యాహ్నం కంచె పక్కన ట్రాక్టరు ఆపి, నోయెల్ తన రొట్టెల్లో సగం ఆమె ముందు పెట్టాడు. చల్లటి మటన్, పచ్చడి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. గత నవంబరుదాకా ఎండలోయ అతనిదే.

"అలవాటైపోద్ది," అన్నాడు. "మొదటి నెల నాకూ చచ్చిపోవాలనిపించింది. తర్వాత ఏం అనిపించదు."

"ఏం అనిపించకపోవడం బాగుంటుందా?"

"బాగుండదు. కానీ కళ్ళు పోయాక ఏం చేస్తాం? మొదట గురి పోయింది. తర్వాత పేపరు చదవడం మానేశాను. మోరీన్ చదివి వినిపిస్తుంది. ఇప్పుడు కొండ మీది గొర్రెలు కూడా మబ్బుపట్టినట్టుంటాయి."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"ఎందుకు? పదింటికి మూడు కొట్టానుగా, అంతకంటే పెద్ద పరీక్ష ఏముంది?" నోయెల్ చేతి ముక్కలు దులుపుకున్నాడు. కాసేపు లోయ వైపు చూశాడు, కనపడుతోందో లేదో గాని. "ఒక్కటి చెప్తా ఎఫీ. అది నీకొచ్చింది, నాకు సంతోషం. వేరేవాడికి పోయుంటే కడుపు మండేది. నీకు దానిమీద ప్రేముంది."

ఎఫీ కొరికిన రొట్టె పక్కన పెట్టేసింది. ఆ నవంబరులో బ్లెయిర్ కొత్తగా వచ్చిన రోజుల్లో, బండిలో వెళ్తూ మామూలుగా అడిగాడు, నోయెల్ గురి ఎలా ఉంటుంది ఎఫీ అని. కళ్ళు మునపట్లా లేవు అని చెప్పింది తను. ఉన్నదే చెప్పింది. అంతకు ముందు రోజే అతను గాయపరిచి వదిలిన కుందేలుని తన చేత్తో చంపింది కూడా. అబద్ధం కాదు, చాడీ కాదు. కానీ చెబుతున్నప్పుడు కిటికీలోంచి కనపడుతున్నది ఎండలోయే, తను చూస్తున్నదీ దాన్నే. ఆ తర్వాతే బ్లెయిర్ నోయెల్‌కి పరీక్ష పెట్టాడు. ఆ మాట నోయెల్‌కి ఈనాటికీ తెలియదు.

"టీ పొయ్యనా?" అన్నాడు నోయెల్.

"పొయ్యి," అంది ఎఫీ.

*

గురువారం ఎఫీ వెళ్ళేసరికి రావిరి చెక్క దిమ్మె ఒకటి తయారుగా పెట్టాడు. నడిమికి కోసి, రెండు చెక్కల్లోనూ గొట్టానికి సరిపడా అర్ధచంద్రం తొలిచి, లోపల పాత తోలు అతికించాడు. గొట్టాన్ని జాం సీసాలోంచి తీసి, పైన నూనె అంతా తుడిచేసి, ఆ చెక్కల నడుమ పెట్టి బల్లకున్న ఇనప పట్టు, వైసులో బిగించాడు. బిగించడం కూడా ఎంతో ముద్దుగా, గుడ్డు పట్టినట్టు.

"ఇక నువ్వు నోరు మూసుకుని ఆ స్టూలు మీద కూర్చో," అన్నాడు.

వేడిగాలి ఊదే మిషనుతో మూత చుట్టూ తిప్పుతూ వేడిచేశాడు. మంట దగ్గరికి రానివ్వలేదు, నూనె తాగిన వస్తువు కదా. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడెక్కాక, చిన్న కొయ్యసుత్తితో మూత అంచు చుట్టూ తట్టాడు. టక్, టక్, టక్. ఒక చుట్టు, రెండో చుట్టు. తర్వాత పిడి ఉన్న తోలు పటకా మూతకి చుట్టి, పిడి పట్టి లాగాడు. పటకా జారింది. తోలుకి కాస్త గుగ్గిలం పొడి రుద్ది మళ్ళీ చుట్టాడు. మళ్ళీ జారింది.

"రాదా?" అంది ఎఫీ.

"స్టూలు మీద కూర్చోమన్నానా, మాట్లాడమన్నానా?"

మళ్ళీ వేడి. మళ్ళీ సుత్తి. ఈసారి పటకా చుట్టాక ఎఫీని పిలిచి, పిడి ఆమె చేతికిచ్చి, తను రెండు చేతులతో చెక్కల్ని అదిమిపట్టాడు. "ఒక్కసారిగా గుంజకు. బరువు వేస్తూ పో. గొర్రెని గేటులోంచి తోస్తావే, అలాగ."

ఎఫీ బరువు వేసింది. ఏమీ కాలేదు. ఇంకా వేసింది. మోచేతులు నొప్పెట్టాయి. కిర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. ఏది విరిగిందోనని ఆమె ఠక్కున వదిలేసింది.

"వదలకు! కదిలింది!" అరిచాడు రావిరి. "ఇప్పుడు వెనక్కి కొంచెం. నూనె చుక్క. మళ్ళీ ముందుకి. సగం ముందుకి, పావు వెనక్కి. మొండి మరని అలాగే బుజ్జగించాలి."

అలాగే బుజ్జగించారు. పావుగంట పట్టింది. మరల్లోంచి నల్లటి పేస్టు ఊరుతూ వచ్చింది. ఆఖరికి మూత చేతిలోకి ఊడొచ్చింది. ఇద్దరూ గొట్టంలోకి తొంగిచూశారు. లోపల ఖాళీ ఉండాల్సిన చోట బూడిదరంగు గోడ కట్టినట్టు ఉంది.

రావిరి ఇద్దరికీ సొరుగులోంచి చేతొడుగులు తీశాడు, మూతికి కట్టుకోమని గుడ్డతొడుగు ఇచ్చాడు. "ఈ దుమ్ము పీలిస్తే నెత్తుట్లో కలుస్తుంది. పొడిగా గోకకూడదు, తడిగానే. ఇంటికి తీసుకెళ్ళి వంటింట్లో మాత్రం గోకకు, నీ ఇనపకుండ మీద ఒట్టు." ట్రేలో తడి కాగితాలు పరిచి, గొట్టం వెనకనుంచి కొయ్యకడ్డీ పెట్టి తట్టాడు. చప్పుడు అణిచే లోపలి బిళ్ళలు ఒక్కొక్కటే అయిష్టంగా బయటికొచ్చాయి, ఏడు. వాటితోపాటు సీసం పెచ్చులు, గుప్పెడు.

ఒక బిళ్ళని గుడ్డతో తుడిచి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. నడుమ తూటా పోయే రంధ్రం గుండ్రంగా లేదు. ఒకవైపు సీసం పెదవిలా ముందుకి పెరిగింది, ఆ పెదవి అంచు మాత్రం తళతళా మెరుస్తోంది.

"ఇదిగో నీ చేతుల జబ్బు. ఈ మెరుపు చూడు. తూటా పోయేటప్పుడల్లా దీన్ని రాసుకుంటూ పోయింది. రాసుకున్నాక అదెటు పోతుందో దానికే తెలీదు, నీకేం తెలుస్తుంది?"

ఎఫీ ఆ బిళ్ళని తీసుకుని చూసింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ఒక వింత చప్పుడు వచ్చింది. "ముదనష్టపుదానా!" అని బిళ్ళని తిట్టింది. "నన్ను ముసలిదాన్ని చేశావు కదే! నాలుగు రోజుల్నుంచి నా చేతుల్ని నేనే నమ్మలేదు!" మద్దెలే ఓడు. తొమ్మిదేళ్ళుగా తన జేబులో తిరుగుతూ ఓడైపోయిన మద్దెల. ఆ షెడ్డులో గంతులేద్దామా అన్నంత తేలిగ్గా అనిపించింది ఆమెకి.

"ఇంత నునుపుగా అరిగిందంటే కొన్ని నెలలుగా రాసుకుంటూ ఉండాలి," అన్నాడు రావిరి, రెండో బిళ్ళ గోకుతూ. "ఎన్ని తూటాలు కొడితే అంత. నీకంటే ఎక్కువ కొట్టేవాడికైతే ఇంకా ముందే పాడయ్యుండేది."

ఎఫీ నవ్వు ఆగిపోయింది. ఈ సైలెన్సర్లు రెండు ఒకే పెట్టెలో వచ్చాయి. రెండో దాన్ని నోయెల్ తీసుకున్నాడు. విప్పకూడదని ఆమెకి చెప్పిందే నోయెల్. ఆమెకంటే రెట్టింపు తూటాలు కొట్టేవాడు, ఎండలోయ అతనిది కాబట్టి.

"ఏమైంది?" అన్నాడు రావిరి.

"ఏం లేదు."

మిగతా బిళ్ళలు ఒక్కొక్కటే గోకింది. అన్నీ శుభ్రమై, వచ్చిన వరసలోనే లోపలికి వెళ్ళాయి. రావిరి మరలకి పల్చగా గ్రీజు రాసి, మూత చేత్తోనే బిగించాడు. "రెంచి పెట్టి బిగిస్తే నా షెడ్డు గడప తొక్కకు," అన్నాడు. కాటా నూట పంతొమ్మిది చూపించింది.

ఇంటికి వెళ్ళే దారిలోనే నోయెల్ ఇల్లు. సాయంత్రపు ఎండ కిటికీ మీద పడుతోంది. కిటికీ లోపల మోరీన్ పేపరు విప్పి పట్టుకుని కూర్చుంది, ఎదురుగా నోయెల్ తల వంచుకుని వింటున్నాడు. ఎఫీ గేటు దగ్గర బండి నెమ్మది చేసింది. చెప్పేస్తే నోయెల్ మళ్ళీ తుపాకి పడతాడు. పడితే ఎండలోయ అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. శుక్రవారం పరీక్ష నెగ్గీ ఏం లాభం? ముందు నా పరీక్ష కానీ, తర్వాత చెప్తాలే అనుకుంది. అది అబద్ధమని అనుకుంటున్నప్పుడే తెలుసు. అయినా గేరు మార్చి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం తెల్లవారగానే ఇంటి వెనక చెక్క పాతి ఐదు తూటాలు కొట్టింది. ఐదూ ఒకే చోట, అరచేతిలో పట్టేంత గుంపుగా పడ్డాయి, కాకపోతే కాస్త కుడికి. దూరదర్శిని మర రెండు మెట్లు తిప్పింది. ఆరోది నడుమ పడింది.

ఉన్నికొట్టం వెనక గోనెసంచుల మీద పడుకున్నప్పుడు చేతులు వణకలేదు. అందరూ నిలబడ్డారు. కాగితం బిగించిన చట్రం పాతింది నోయెలే, పాతి పక్కకొచ్చి ట్రాక్టరుకి ఆనుకుని నిలబడ్డాడు. కొత్తలోలాగే చప్పట్లు కొట్టినట్టు చప్పుడు, పదిసార్లు. బ్లెయిర్ వెళ్ళి కాగితం తెచ్చాడు.

"తొమ్మిది," అన్నాడు, నమ్మలేనట్టు.

కోడీ ఈల వేశాడు. "నాలుగు రోజుల్లో కుర్రదానివైపోయావేంటి ఎఫీ! ఏం తింటున్నావో నాకూ చెప్పు."

"నాకూ సంతోషంగా ఉంది," అన్నాడు బ్లెయిర్, నిజంగానే. "లోయ నీదే. ఇంతకీ సోమవారం ఏమైంది? చలా?"

అవును చలే అంటే సరిపోయేది. ఆ మాట నోట్లో తయారుగా ఉంది. ఎఫీ తూటా గది తెరిచి ఖాళీగా ఉందని చూసుకుంది, లేచింది, మోకాళ్ళు దులుపుకుంది. నోయెల్ తన వైపు చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వులో ఈర్ష్య అనేది వెతికినా లేదు.

"చలి కాదు," అంది. "సైలెన్సర్ సీసంతో పూడిపోయింది. తూటా లోపల రాసుకుని పక్కకి పోయింది. నా కళ్ళు బాగానే ఉన్నాయి, చేతులూ బాగానే ఉన్నాయి. నోయెల్, ఇలా రా. పది కొట్టు."

"నన్నెందుకు నవ్వులపాలు చేస్తావు?" అన్నాడు నోయెల్.

"నీదీ నాదీ ఒకే పెట్టెలో వచ్చాయి. నువ్వు నాకంటే రెట్టింపు కొట్టావు. నీదెప్పుడన్నా విప్పావా?"

"విప్పకూడదు కదా!"

"విప్పాలంట. మనిద్దరం గాడిదలం. రా."

"అతని పేరు బోర్డు మీద లేదు ఎఫీ," అన్నాడు బ్లెయిర్.

"లేకపోవడానికి కారణం నేను. నవంబరులో బండిలో నువ్వడిగితే, నోయెల్‌కి కళ్ళు పోయాయని చెప్పింది నేనే." ఎఫీ ఇది బ్లెయిర్ వైపు చూసి అనలేదు, నోయెల్ వైపు చూసి అంది. "నిజమనుకునే చెప్పాను. లోయ మీద కన్నేసుకుని కూడా చెప్పాను. రెండూ నిజమే."

నోయెల్ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో గాని పోయింది. నెమ్మదిగా వచ్చి ఆమె చేతిలోంచి తుపాకి తీసుకుని తూటాలు నింపాడు. గోనెసంచుల మీద పడుకోవడానికి చాలాసేపు పట్టింది, కీళ్ళు ఒక్కొక్కటే వంచి. కోడీ పరుగెత్తి కొత్త కాగితం బిగించి వచ్చాడు.

మొదటిది గుండ్రానికి బయట పడింది. నోయెల్ బుగ్గని తుపాకి మడమకి ఇంకోలా ఆనించుకున్నాడు. రెండోది అంచున పడింది. తర్వాత అతను ఊపిరి వదిలి, ఎనిమిది నెలలుగా మర్చిపోయిన నిదానంతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోయాడు. దూరదర్శినిలో నల్లటి చుక్కలు అతనికే కనపడుతున్నాయి కాబోలు, ఆరో తూటా తర్వాత చిన్నగా "అమ్మ దొంగా" అనుకోవడం ఎఫీకి వినపడింది.

బ్లెయిర్ కాగితం తెచ్చి రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఎనిమిది."

నోయెల్ లేచాడు. కోడీ చెయ్యి అందించబోతే వద్దని లేచాడు. తూటా గది తెరిచి, తుపాకి ఎఫీకి ఇచ్చాడు. మొహం ఎర్రబడింది.

"ఎనిమిది నెలలు, ఎఫీ!" అన్నాడు. "ఎనిమిది నెలలు గుడ్డివాణ్ణనుకుని బతికాను. మోరీన్ గొంతు బొంగురుపోయేలా పేపరు చదివించుకున్నాను."

"అవును."

"నన్నొక్క మాట అడగకుండా!"

"అవును. తప్పు చేశాను."

నోయెల్ వెనక్కి తిరిగి ట్రాక్టరు చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. చక్రానికేం కాలేదు, అతనే కాలు పట్టుకున్నాడు.

బ్లెయిర్ తల గోక్కున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు, లెక్కల మనిషి. లెక్క తప్పినప్పుడు ఎవరిమీద కోప్పడాలో తెలియక నిలబడ్డాడు. "ఇద్దరూ ఏడు దాటారు," అన్నాడు చివరికి. "ఎండలోయ మాత్రం ఒకటే ఉంది."

"అది నోయెల్‌ది," అంది ఎఫీ. "ముందునుంచీ అతనిదే. నాకు నీడవైపు ఇవ్వు. మధ్యాహ్నందాకా మంచు కరగని చోటు ఉందే, ఎవరూ అడగరు, అది."

"అక్కడ కుందేళ్ళు మొండివి," అన్నాడు నోయెల్, కాలు రుద్దుకుంటూనే, ఆమె వైపు చూడకుండా. "మబ్బు పట్టిన రోజే బయటికొస్తాయి."

"నువ్వు చూపిస్తావా?"

"నాకు ఇంకా కోపంగా ఉంది."

"ఉండు."

"సోమవారందాకా కోపంగానే ఉంటా."

"అలాగే. సోమవారం ఎన్నింటికి?"

నోయెల్ ట్రాక్టరు ఎక్కి ఇంజను వేశాడు. తొట్టిలో ఇంకా సగం లోడు క్యారెట్లు ఉన్నాయి, అవి ఇవాళే చల్లాలి. ట్రాక్టరు రెండు గజాలు కదిలి ఆగింది. అతను వెనక్కి తిరిగి, ఇంజను చప్పుడు మీదుగా అరిచాడు.

"ఆ పార ఎవరు పడతారు, మీ తాతా?"

ఎఫీ తుపాకిని కోడీకి ఇచ్చి, పరుగున వెళ్ళి తొట్టి ఎక్కింది.